సావిత్రమ్మ గారి రెండో పలక

ఈ ఉదయం గిద్దలూరులో మా ఆఫీసు వరండా ఎక్కేసరికి తడి పలక వాసన వచ్చింది. ఊడ్చే మనిషి నిన్నటి పలకలన్నీ తడిగుడ్డతో తుడిచి గోడకు ఆనించి ఆరబెట్టింది. ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. వాన పడ్డ మట్టి వాసనలా తియ్యగా ఉండదు. కొంచెం చల్లగా, కొంచెం చేదుగా, బడిలో మొదటిరోజులా ఉంటుంది. అది ముక్కుకు తగిలిందంటే చాలు, నాకు సావిత్రమ్మ గారు గుర్తొస్తారు. కుర్చీలో కూర్చుని ఫోను చూస్తే మస్తాన్ పంపిన సందేశం ఉంది. మా కంప్యూటర్లు బాగుచేసే మనిషి మస్తాన్. "షీట్లలో మళ్ళీ ఇంకో బొక్క బయటపడిందంట మేడం. మందు ఇంకా రాలేదు. జాగర్త," అని రాశాడు. ఒకే నిమిషంలో పలక వాసన, బొక్క కబురు రెండూ కలిసి వచ్చాయి. ఆవిడే గుమ్మంలో నిలబడి చెప్పులు విడుస్తున్నట్టు అనిపించింది. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడను చూడని వాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ రోజు మొదలుపెడతాను.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. ఎండాకాలంలో బోర్లు ఎండిన పల్లెలకు ట్యాంకర్లతో మంచినీళ్ళు పంపడం మా పని. మాదొక చిన్న ఏజెన్సీ. ఏ ట్యాంకరు ఎక్కడ నింపుకోవాలి, ఏ ఊరికి ముందు పోవాలి, ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులు, ఇవన్నీ కంప్యూటర్లో గళ్ళ షీటు మీద ఉంటాయి. ఏ ఆఫీసుకు పోయినా అదే గళ్ళ సాఫ్ట్‌వేరు. ఉప్పు లేని వంటిల్లయినా ఉంటుందేమో కానీ అది లేని ఆఫీసు ఉండదు. అంతమంది వాడే సరుకులో అప్పుడప్పుడూ ఒక లోపం బయటపడుతుంది. దొంగ పంపిన షీటును మనం తెరిస్తే చాలు, వాడు మన కంప్యూటర్లో దూరిపోతాడు. ఆ బొక్కను పూడ్చే అప్‌డేట్‌ను కంపెనీ తయారుచేసి పంపాలి. అది వచ్చేదాకా కొన్ని రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. లోపం ఉందని లోకానికంతా తెలిసి, మందు మాత్రం రాని ఆ రోజుల్లో ఎలా బతకాలి? నాకు ఆ విద్య నేర్పింది ఏ కాలేజీ కాదు, సావిత్రమ్మ గారు.

నేను పనిలో చేరింది మార్కాపురం ఆఫీసులో. మాది తర్లుపాడు దగ్గర పల్లె, వ్యవసాయం. డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళాను. ఆఫీసు ఇన్‌చార్జి సావిత్రమ్మ గారు నూలు చీర కట్టుకుని, కళ్ళజోడు దారంతో మెడలో వేలాడదీసుకుని, డబ్బాలోంచి వేయించిన శనగలు నములుతూ కూర్చుని ఉన్నారు. పలకల వ్యాపారం చేసిన వైశ్యుల ఇంటి ఆడపడుచు. ఆవిడ నాయన కార్ఖానా ఎప్పుడో మూతపడింది. ఆవిడ మాట తీరులో మాత్రం అది ఇంకా నడుస్తూనే ఉండేది. నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు. సొరుగులోంచి రెండు పలకలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ రెంటిలో మంచిదేదో చెప్పు."

తిప్పి తిప్పి చూశాను. రెండూ నున్నగా, నల్లగా ఉన్నాయి. "రెండూ ఒకటే మేడం," అన్నాను.

"కండ్లతో చూసినావు. చేత్తో అడగలేదు," అని ఆవిడ ఒక పలక అంచును రెండు వేళ్ళతో పట్టుకుని వేలాడదీసి, వేలి కణుపుతో తట్టారు. ఖంగుమని మోగింది. రెండోదాన్ని తట్టారు. మొద్దుగా, చచ్చిన శబ్దం వచ్చింది. "దీనికి లోపల పగులుంది. కనపడే పగులుతో మనకి బాధ లేదమ్మా. చూస్తాం, పక్కన పారేస్తాం. కనపడందే బడికి పోయినాక పిల్లోళ్ళ చేతుల్లో పగుల్తాది. మా నాయన కార్ఖానాలో తట్టకుండా ఒక్క పలక కూడా పెట్టెలోకి పోయేది కాదు."

ఏదో ఒకటి మాట్లాడకపోతే ఉద్యోగం రాదేమోనని, "అన్నీ తట్టే పెడితే ఇంక పగిలేవి ఉండవు కదా మేడం," అన్నాను.

ఆవిడ నవ్వారు. "ఆ మాట మా నాయనతో అనాల్సింది. తట్టినాక కూడా ఆయన పెట్టెకి ఒక పలక ఎక్కువే పెట్టేవాడు. రాయి లోపల ఏముందో రాయికే తెలుసు. చెవికి కూడా చిక్కని పగులు ఒకటుంటాది. దాని కోసం ఆ రెండో పలక."

కంప్యూటర్ పనికి వస్తే ఈవిడ రాళ్ళ సంగతి చెబుతుందేమిటి అనుకుంటూ బయటికి వచ్చాను. మర్నాటి నుంచి రమ్మని కబురు వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఆవిడ పక్క బల్లే నా బల్ల.

ఆవిడకు కంప్యూటరంటే భయం లేదు, అలాగని భక్తీ లేదు. షీటులో ఏ గడి తప్పుగా ఉన్నా కళ్ళజోడు పెట్టుకోకుండానే పట్టేసేవారు. డ్రైవర్లు ఆవిడను మేడమక్కా అని పిలిచేవాళ్ళు. సగం మేడం, సగం అక్క. తిట్లు తినేటప్పుడు మేడం, సెలవు అడిగేటప్పుడు అక్క. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక బటన్ల ఫోనే ఉండేది. అందరూ పెద్ద ఫోన్లు కొన్నాక కూడా ఆవిడ దాన్ని మార్చలేదు. "ఇది మాట్లాడ్తాది, వింటాది. మనుషుల్లోనే అవి రెండూ చేసేవాళ్ళు తక్కువ," అనేవారు.

ఒక ఎండాకాలం మస్తాన్ ప్రింటరు బాగుచేయడానికి వచ్చి, మాటల్లో మాటగా ఆ బొక్క సంగతి చెప్పాడు. నేను అంతవరకు అలాంటిది వినలేదు. వైరస్ అంటే పనికిమాలిన ఆటలు దించుకునే వాళ్ళకు వచ్చేదని నా నమ్మకం. సావిత్రమ్మ గారు శనగల డబ్బా మూసి, అతన్ని కూర్చోబెట్టారు.

"అంటే మా షీట్ల సాఫ్ట్‌వేరులోనే లోపం ఉందని ఆ కంపెనీవోళ్ళే ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారక్కా. పూడ్చేది తయారు చేస్తాన్నారంట."

"ఇంటి గడియ విరిగింది, వడ్రంగి ఎప్పుడొస్తాడో తెలీదు. అంతదాకా ఏం చెయ్యమన్నారు?"

"తెలీనోళ్ళు పంపిన ఫైళ్ళు తెరవొద్దన్నారు."

ఆవిడ అతని వైపు జాలిగా చూశారు. "దొంగ తెలీనోడి మొహంతో వస్తాడా మస్తానూ? మనోడి మొహం తగిలించుకునే వస్తాడు." ఆ వెంటనే, "అప్‌డేట్ వచ్చినాక మూడు కంప్యూటర్లకీ అదే వచ్చి పడ్తాదా?" అని అడిగారు.

మస్తాన్ తల గోక్కున్నాడు. మూలనున్న కంప్యూటర్లో సాఫ్ట్‌వేరు డబ్బు కట్టి కొన్నది కాదని, మా కంటే ముందు ఎవరో కాపీ ఎక్కించారని, దానికి అప్‌డేట్లు రావని చెప్పాడు. ఆవిడ లేచి వెళ్ళి, ఆ కంప్యూటరు నెట్ వైరు తన చేత్తోనే పీకేశారు. కొత్తది కొనివ్వమని పై ఆఫీసుకు రాస్తానని, అంతదాకా ఇది ఉత్తరాలు టైపు చేసుకోవడానికే అని తీర్పు చెప్పారు. "ఈ రోజు నుంచి ఇది గోషాలో ఉంటాది. పరాయి మొహం చూడకూడదు," అన్నారు. మస్తాన్‌తో సహా అందరం నవ్వాం. గోషా కంప్యూటరు అనే పేరు దానికి అలాగే స్థిరపడింది.

ఆ సాయంత్రమే ఆవిడ రెండు కట్టుబాట్లు పెట్టారు. మొదటిది, మెయిల్లో ఏ షీటు వచ్చినా, ఎవరి పేరుతో వచ్చినా, పంపిన మనిషికి ఫోను చేసి గొంతు విని, నువ్వే పంపావా అని అడిగాకే తెరవాలి. దాన్ని ఆవిడ తట్టడం అనేవారు. రెండోది పలకలు. మా పల్లెలకు రోజు మార్చి రోజు నీళ్ళు. అందుకని ఒక్కో ట్యాంకరుకు రెండు పలకలు పెట్టారు. ఈ రోజు పోవాల్సిన ఊర్లు, ట్రిప్పులు రాసిన పలక బండిలో ఉంటుంది. రేపటిది ఆఫీసు గోడకు వేలాడుతుంది. ఏదైనా మారితే ముందు పలక దిద్దాలి, తర్వాతే షీటు. కంప్యూటర్ కోర్సు చేసిన నాకు బలపం పట్టుకోవడం నామోషీగా అనిపించిన మాట నిజం. డ్రైవర్లయితే పడీపడీ నవ్వారు. వాళ్ళలో పెద్దవాడు కాశయ్య. కొనకనమిట్ల వైపు తిరిగే ట్యాంకరు అతనిది.

"ఏంది మేడమక్కా, మళ్ళీ ఒకటో తరగతిలో చేర్పిస్తాండవా? నా బుర్రే నాకు పలక. తుడిచినా పోదు," అన్నాడు.

"బుర్ర నీది కాశయ్యా, నీళ్ళు ఊరివి. బండిలో పెట్టు," అన్నారు ఆవిడ. అతను పలకను తీసుకుపోయి సీటు కింద జాకీ పక్కన పడేశాడు.

కొన్నాళ్ళకు పై ఆఫీసుకు కొత్త అధికారి వచ్చారు. ఒక ఉదయం ఆయన పేరుతో మెయిల్ వచ్చింది. రూట్లు మార్చాం, వెంటనే ఈ షీటు ప్రకారం పంపండి అని అందులో ఉంది. ఆవిడ ఫోను చేశారు. ఆయన ఎత్తలేదు. మళ్ళీ చేశారు, ఎత్తలేదు. బొక్క పూడ్చే అప్‌డేట్ ఇంకా రాలేదు. నేను మౌసు మీద చెయ్యి పెట్టుకుని ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాను. "గొంతు వినలేదు. తెరవమాక," అన్నారు. ట్యాంకర్లు పాత పలకల ప్రకారమే వెళ్ళాయి. మధ్యాహ్నం దాటాక ఆ అధికారి ఫోను చేశారు. మీటింగులో ఉన్నారట. షీటు నిజంగా ఆయన పంపిందే. కొనకనమిట్ల మండలంలో ఒక చిన్న పల్లెలో ముందురోజే బోరు ఎండిపోయింది, దాన్ని ఆ షీటులో కొత్తగా చేర్చారు. మేం తెరవనందువల్ల ఆ పల్లెకు పొద్దుటి నుంచి చుక్క నీరు లేదు. ఆయన అరుపులు బటన్ల ఫోనులోంచి గదంతా వినిపించాయి. కంప్యూటరు వాడడం చేతకానివాళ్ళు ఇంటి దగ్గర కూర్చోవాలన్నారు. అనుమానం రోగమని కూడా అన్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సావిత్రమ్మ గారు మాత్రం, "తప్పు నాదే సార్. ఇప్పుడే పంపిస్తా," అని మాత్రమే అన్నారు.

పంపడం కాదు, తనే వెళ్ళారు. కాశయ్య ట్యాంకరులో ముందు సీటులో ఇరుక్కుని నేనూ వెళ్ళాను. పల్లెలో బిందెలు వరసగా ఎండలో కూర్చుని ఉన్నాయి. వాటి వెనక లక్ష్మక్క అనే ఆవిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ట్యాంకరు ఆగీ ఆగకముందే అందుకుంది.

"ఏందమ్మా, మీ కంప్యూటర్లకి రోగమొస్తే మా గొంతులు ఎండాల్నా? పసిబిడ్డకి పాలు కలపడానికి పక్కూరికి పోయినాం నీళ్ళకి. సిగ్గుండాల మీకు!"

మీ బోరు ఎండిందని మాకు తెలియదనో, మా పై ఆఫీసు ఫోను ఎత్తలేదనో, ఏదో ఒకటి చెబుతారనుకున్నాను. ఆవిడ చెప్పలేదు. తిట్లన్నీ నిలబడి విన్నారు. అయిపోయాక, "మాట పడాల్సిందే అక్కా. తప్పు జరిగింది. మీ ఊరి ఫోను నెంబరొకటి నాకియ్యి, నాది నువ్వు తీసుకో," అన్నారు. లక్ష్మక్కకు చదువు రాదు. సావిత్రమ్మ గారి నెంబరును బియ్యం కొలిచినట్టు ఒక్కో అంకె చొప్పున నోటికి ఎక్కించుకుంది. మూడుసార్లు అప్పజెప్పించుకుని గానీ సావిత్రమ్మ గారు బండి ఎక్కలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నేను ఉండబట్టలేక, "ఇంక ఈ ఫోను రూలు తీసేద్దాం మేడం," అన్నాను.

"కుక్క ఒకసారి మనోడి మీద మొరిగిందని కుక్కని తోలేస్తామా?" అన్నారు. కాస్త దూరం పోయాక తనలో తను అనుకున్నట్టు చెప్పారు. "తలుపేసుకున్నా గానీ కిటికీ పెట్టుకోలేదు పద్మా. ఒక దోవ మూస్తే ఇంకొకటి తీసి పెట్టాల. అది మర్చిపోయినా."

ఆ కిటికీ ఏమిటో మర్నాడే తెలిసింది. ప్రతి పల్లె నుంచి ఒకరి నెంబరు తెప్పించి ఆఫీసు గోడ మీద రంగుతో రాయించారు. షీటు ఏదైనా అనుమానంగా ఉంటే నేరుగా పల్లెకే ఫోను చేసి, బోరు ఎలా ఉంది, నీళ్ళు చాలుతున్నాయా అని అడగాలి. ట్యాంకరు చేరగానే పల్లెవాళ్ళు ఆవిడ ఫోనుకు చేసి నీళ్ళొచ్చినాయి అని చెప్పాలి. ఆ ఒక్క మాట వినకుండా ఆవిడ సాయంత్రం కుర్చీలోంచి లేచేవారు కాదు. తన తప్పును ఒప్పుకునేవాళ్ళను చాలామందిని చూశాను. ఒప్పుకున్న తప్పు చుట్టూ ఇంత గట్టి గోడ కట్టినవాళ్ళను మాత్రం ఆవిడనే చూశాను.

అసలు దెబ్బ మాకు ఏ అపరిచితుడి దగ్గర నుంచీ రాలేదు. పై ఆఫీసులో మాకు రోజూ షీట్లు పంపే గుమాస్తా ఉన్నాడు, నెమ్మదైన మనిషి. ఒక మధ్యాహ్నం అతని నుంచి షీటు వచ్చింది. ఫోను చేశాను. "అవునమ్మా, నేనే పంపినా," అన్నాడు. గొంతు అతనిదే. తెరిచాను. లోపల గళ్ళన్నీ మామూలుగానే ఉన్నాయి. కాసేపటికి కంప్యూటరు మందగించింది. తర్వాత ఒక్కో ఫైలు పేరు వంకరటింకర అక్షరాలుగా మారిపోవడం మొదలైంది. ఏది నొక్కినా తెరుచుకోలేదు. చివరికి తెర మీద ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది. మీ ఫైళ్ళకు తాళం వేశాం, డబ్బు పంపితే తీస్తాం అని దాని సారాంశం. దొంగ ముందే గుమాస్తా కంప్యూటర్లో దూరి, అతను పంపే మంచి షీటు లోపలే కూర్చుని వచ్చాడని తర్వాత మస్తాన్ చెప్పాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టే అయింది.

నేను గట్టిగా అరిచాననుకుంటాను. సావిత్రమ్మ గారు వచ్చి చూసి, వైర్లు పీకేశారు. అప్పటికే రెండు కంప్యూటర్లూ పోయాయి. రూట్ల షీటు పోయింది. పై ఆఫీసులో కూడా పోయింది. రేపు ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులో చెప్పే కాగితం ముక్క కూడా లేదు. రోహిణి కార్తె ఎండలు. పల్లెల్లో ఒక్క పూట నీళ్ళు తప్పితే ఏమవుతుందో లక్ష్మక్క నోట విన్నదాన్ని నేను. మౌసు కింద పడేశాను.

"నేను తట్టాను మేడం, ఫోను చేశాను, అతనే అన్నాడు," అని ఏడుపు గొంతుతో అన్నాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువు నాకు ఈ రోజుకీ తెలుసు. "తట్టినావు. మోగింది. అయినా పగిలింది. రాయి తప్పు, నీ చేతి తప్పు కాదు. లే, గోడ చూడు."

గోడకు రేపటి పలకలు వరసగా వేలాడుతున్నాయి.

అంతలో ఆ అధికారి నుంచి ఫోను వచ్చింది. అంతా ఆగిపోయిందట, షీటు మళ్ళీ వచ్చేదాకా ఒక్క బండి కూడా కదలకూడదట, లెక్క లేకుండా తిప్పితే ఎవరు బాధ్యులు అంటున్నారు. ఆవిడ చివరిదాకా విన్నారు.

"దప్పిక షీటుకి కాదు సార్, మనుషులకి. రేపు బండ్లు పోతాయి. ఏమన్నా అయితే నా పేరు రాయండి," అన్నారు.

అవతల ఆయన ఏమన్నారో నాకు తెలియదు. ఆవిడ ఫోను పెట్టేసి, వెంటనే డ్రైవర్లకు ఒక్కొక్కరికీ చేశారు. "ఈ రోజు పలక తుడవమాకండి. అట్లనే తీసుకురండి." రేపటివి గోడ మీద ఉన్నాయి. రోజు మార్చి రోజు కాబట్టి, ఈ రోజువి బండ్లతో తిరిగి వస్తే ఎల్లుండివి కూడా దొరికినట్టే. రెండు పలకలు కలిస్తే మొత్తం షీటు. ఆవిడ రెండో పలక ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. చదువుకున్న నా బుర్రకు అంతకాలం పట్టింది.

పొద్దు గుంకకముందే ట్యాంకర్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఒకప్పుడు నవ్విన డ్రైవర్లు పలకలను పెళ్ళిలో తాంబూలాల్లా రెండు చేతులతో పట్టుకుని వచ్చి అప్పజెప్పారు. కాశయ్య ఒక్కడే వట్టి చేతులతో గుమ్మంలో నిలబడ్డాడు. అతని పలక ఆ రోజు దారిలోనే సీటు కింద జాకీ దొర్లి మూడు ముక్కలై, రాతంతా చెరిగిపోయింది.

"ఫర్వాలేదులే మేడమక్కా, అంతా నోటికే ఉంది," అని మొదలుపెట్టాడు. నేను గోషా కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేస్తున్నాను. వైరు లేని పుణ్యాన అదొక్కటే బతికింది. కాశయ్య నాలుగైదు ఊర్లు గడగడా చెప్పి, తర్వాత ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పి, రెండోసారి చెప్పిన వరస మొదటిదానికి కలవక, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. బోర్లు ఎండుతున్న కొద్దీ ఆ వారమంతా ట్రిప్పులు మారుతూ వచ్చాయి. ఎంతటి బుర్రకైనా కష్టమే. సావిత్రమ్మ గారు లేచారు. గోడ మీది నెంబరు చూసి లక్ష్మక్కకు ఫోను చేశారు.

లక్ష్మక్క గొంతు గదంతా వినిపించింది. "రాసుకో తల్లీ. మాకు రెండు బండ్లు. మా తర్వాత పైపల్లెకి ఒకటి. ఆడ బడి కాడ ఆగుతాది. ఆ తర్వాత గొర్రెలోళ్ళ గూడెం, ఆడికి రెండు. చెరువు కిందోళ్ళకి మొన్నటిదాకా లేదు, సోమారం నుంచి పోతాంది. కాశయ్య మర్చిపోయినాడా? వానికి చెరువు కిందోళ్ళంటే ఎప్పుడూ మరుపే!" కాశయ్య సిగ్గుతో నవ్వాడు. తాము ఎదురుచూసే నీళ్ళు తమ తర్వాత ఎక్కడికి పోతాయో చూసేవాళ్ళు పల్లెల్లో ఇంకా ఉన్నారు. లక్ష్మక్క చెప్పిన వరసలో ఒక్కటి కూడా తప్పు పోలేదు.

మర్నాడు ట్యాంకర్లన్నీ బయల్దేరాయి. బటన్ల ఫోను మోగుతూనే ఉంది. నీళ్ళొచ్చినాయి, నీళ్ళొచ్చినాయి అని ఒక్కో పల్లె చెబుతుంటే, నేను గోషా కంప్యూటర్లో ఒక్కో గడీ నింపాను. సాయంత్రానికి ఒక్క పల్లె కూడా ఎండలేదు. అప్‌డేట్ ఆ తర్వాత కొన్ని రోజులకు వచ్చింది. మస్తాన్ పరుగెత్తుకుంటూ వచ్చి, ఇంక భయం లేదక్కా, బొక్క పూడింది అన్నాడు.

"సంతోషం నాయనా. ఇంకో బొక్క ఎప్పుడు?" అన్నారు ఆవిడ.

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ వేళాకోళం ఆడడం లేదు. "మనిషి చేసిన సరుకమ్మా, ఏదో ఒక చోట పగులుంటాది. దానికి కోపం ఎందుకు? తట్టుకుంటా పోవాల," అని నాతో అన్నారు. కొన్నాళ్ళకు పై ఆఫీసు అధికారి స్వయంగా వచ్చారు. పొగడలేదు, తిట్టలేదు. కాఫీ తాగి, బయటికి పోతూ గోడకున్న ఒక పలకను వేలితో తట్టి చూశారు. అది మోగింది. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు.

నేను గిద్దలూరు ఆఫీసుకు ఇన్‌చార్జిగా వచ్చేటప్పుడు ఆవిడ నాకు బట్టలు పెట్టి, ఒక కొత్త పలకల కట్ట ఇచ్చారు. విప్పి లెక్కపెడితే మా ట్యాంకర్లకు కావలసినవాటికంటే ఒకటి ఎక్కువుంది. ఆవిడను పొగిడితే నచ్చదు కాబట్టి ఆ రోజు ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు అంటాను. నేను చూసినవాళ్ళలో అంత ధైర్యం ఉన్న మనిషి లేరు. ధైర్యమంటే ఏమీ కాదులే అనుకోవడం కాదని, ఏదో ఒకటి అవుతుందని ముందే ఒప్పుకుని, అయినా నీళ్ళు చేరేలా చూడడమని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ మీద నాకున్నది ప్రేమ. ఆ మాట ఆవిడ ఉండగా చెప్పకపోవడమే వెలితి.

ఆవిడ పోయినప్పుడు మార్కాపురం వెళ్ళాను. లక్ష్మక్క కూడా వచ్చింది, పల్లె నుంచి ఆటో మాట్లాడుకుని. ఏడ్చి ఏడ్చి, వెళ్ళేముందు సావిత్రమ్మ గారి కొడుకు చెయ్యి పట్టుకుని, "అమ్మ నెంబరు తీసెయ్యమాక నాయనా. మా ఊరోళ్ళకి అదొక్కటే నోటికొచ్చు," అంది. ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అడిగి ఆ బటన్ల ఫోను తెచ్చుకున్నాను. అంకెలు అరిగిపోయాయి, చార్జింగు మాత్రం రెండు రోజులు నిలుస్తుంది.

ఈ రోజు మస్తాన్ సందేశం చూశాక మా ఆఫీసులో అందరినీ పిలిచి చెప్పాను. అప్‌డేట్ వచ్చేదాకా గొంతు వినకుండా ఏ షీటూ తెరవొద్దన్నాను. ఆరిన పలకలు తీసుకుని, ఒక్కొక్కటీ తట్టి, రేపటివి రాయించి గోడకు తగిలించాను. సాయంత్రం అందరూ వెళ్ళిపోయారు. నేను సంచీ సర్దుకుని, దీపం ఆర్పకుండా కూర్చున్నాను. కాసేపటికి సంచీలో ఆవిడ ఫోను మోగింది. కొనకనమిట్ల వైపు ఊర్లు మా ఆఫీసు కిందికి రావు, అవి ఇప్పటికీ మార్కాపురం వాళ్ళే చూస్తారు. ఆ సంగతి లక్ష్మక్కకూ తెలుసు, అయినా చేస్తుంది.

"నీళ్ళొచ్చినాయి తల్లీ," అంది.

"మంచిది అక్కా," అని, దీపం ఆర్పి లేచాను.